చెన్నై కాపురం, నాలుగు రకాల నీళ్లు

చెన్నైలో అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్తే ఇంటాయన గదులు చూపించకముందే ఒక మాట అంటాడు: "మెట్రో వాటర్ ఉంది, బోరుంది, సంపుంది." నెల్లూరు నుంచో తిరుపతి నుంచో కొత్తగా వచ్చినవాళ్లు తలూపి, వంటగదిలో గాలి వస్తుందా, బస్‌స్టాపు ఎంత దూరం అని అడుగుతారు. ఆ మూడు ముక్కల వెనక ఎంత కథ ఉందో మే నెలలో తెలుస్తుంది.

ఈ ఊళ్లో నీళ్లు ఒకటి కాదు, నాలుగు. ఊరి నీటి బోర్డు (దాని పేరే మెట్రో వాటర్) పైపులో పంపే మెట్రో నీళ్లు, పెరట్లో బోరు నీళ్లు, డబ్బు కడితే వచ్చే లారీ నీళ్లు, వీపున మోసుకొచ్చి గుమ్మంలో దించే కేను నీళ్లు. వంటకు ఒకటి, బట్టలకు ఒకటి, తాగడానికి ఒకటి, వాకిట చల్లడానికి ఒకటి. ఏ నీళ్లు ఏ గిన్నెలోకి పోవాలో ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పొద్దున ఎన్నింటికి లేవాలి, మేడమీద ట్యాంకు ఎన్ని అరలుగా కట్టాలి, అద్దె ఎంత, పక్కింటివాళ్లతో తగువు ఎందుకొచ్చింది అన్నవన్నీ దీన్నుంచే పుడతాయి. చెన్నై మనిషి స్వభావం గురించి జనం ఏవేవో చెబుతుంటారు. బిందె పట్టుకుని చూస్తే అందులో చాలావరకు నీళ్ల లెక్కే అని అర్థమవుతుంది.

ఊరి లెక్క: ఒక టీఎంసీ, ఒక నెల

చెన్నైకి జీవనది లేదు. కూవం, అడయారు, కొసస్థలై మూడూ వానొస్తేనే పారే ఏర్లు. ఏడాదికి సగటున 1,400 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఇది హైదరాబాదు వానకంటే బాగా ఎక్కువే. చిక్కంతా అది పడే తీరులో ఉంది. సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనంలో, అదీ కొన్ని వాయుగుండాల పుణ్యాన గట్టిగా ఇరవై ముప్పై రోజుల్లో కురిసిపోతుంది. ఆ కొద్ది రోజుల నీళ్లు పట్టి ఏడాదంతా తాగాలి.

పట్టుకునే పాత్రలు ఐదు: పూండి (3.231 టీఎంసీలు), చోళవరం (1.081), మనవాళ్లు రెడ్‌హిల్స్ అనే పుళల్ (3.300), చెంబరంబాక్కం (3.645), 2020లో తెరిచిన కన్నన్‌కోట్టై–తేర్వాయ్ కండిగై (0.5). అన్నీ నిండితే పదకొండు ముప్పావు టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే 2,831 కోట్ల లీటర్లు. ఊరికి రోజుకు సుమారు 100 కోట్ల లీటర్లు సరఫరా చేస్తున్నారు. భాగిస్తే ఒక టీఎంసీ 28 రోజులు వస్తుంది. కాబట్టి జనవరి ఒకటో తేదీ పేపర్లో చెరువుల మట్టం చూసి, టీఎంసీకి ఒక నెల చొప్పున వేళ్లమీద లెక్కేసుకోవచ్చు. అందులోంచి ఎండకు ఆవిరయ్యేదాన్ని తీసెయ్యాలి. ఈ చెరువులు లోతు తక్కువ, వైశాల్యం ఎక్కువ కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో ఆ నష్టం చిన్నదేమీ కాదు. జనవరిలో ఎనిమిది టీఎంసీలు కనిపిస్తే జూన్ దాకా భయం లేదు. నాలుగే కనిపిస్తే లారీవాడి నంబరు రాసిపెట్టుకోవాలి.

ఆ పాత్రలు చాలవని తెలిశాకే కృష్ణ నీళ్ల ఆలోచన వచ్చింది. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తమ కృష్ణా వాటాలోంచి మద్రాసు కోసం ఐదేసి టీఎంసీలు వదులుకోవడానికి ఒప్పుకున్నాయి. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ముఖ్యమంత్రులుగా ఉన్నప్పుడు ఆంధ్ర, తమిళనాడు ఒప్పందం కుదిరింది. 15లో 3 దారి నష్టం కింద పోగా, సరిహద్దు దగ్గర 12 టీఎంసీలు అప్పగించాలి: జూలై–అక్టోబరులో 8, జనవరి–ఏప్రిల్‌లో 4. శ్రీశైలంలో మొదలైన నీరు వెలుగోడు, సోమశిల మీదుగా నెల్లూరు జిల్లా కండలేరుకు చేరుతుంది. అక్కణ్నుంచి 152 కిలోమీటర్ల కాలువ ఊత్తుకోట్టై దగ్గర సరిహద్దు దాకా, మరో 25 కిలోమీటర్లు పూండి దాకా. మొదటిసారి నీళ్లు వచ్చింది 1996లో. మట్టి కాలువ గట్లు కోసుకుపోయి దారిలోనే నీళ్లు ఇంకిపోతుంటే 2000 తర్వాత పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు లైనింగు చేయించింది. అందుకే తమిళ పత్రికల్లో దాన్ని సాయి గంగ కాలువ అంటారు.

12 టీఎంసీలు కాగితం మీది అంకె. చాలా ఏళ్లు అంత రాలేదు. శ్రీశైలంలో మట్టం ఉండాలి, సోమశిల నిండాలి, కండలేరులో కాలువకు ఎక్కేంత ఎత్తున నీళ్లు నిలవాలి. ఇవన్నీ కుదిరినా అదే కండలేరు నుంచి తిరుపతికీ తాగునీళ్లు పోవాలి, దారి పొడుగునా పొలాలున్నాయి. కరువు ఏడాది గట్టు మీద మోటరు పెట్టుకున్న రైతును దొంగ అనడానికి మనకు నోరు రాదు. అలాగని సరిహద్దు గేటు దగ్గర కొలత తగ్గితే చెన్నై ఇంజనీరు ఊరుకోడు. రెండు రాష్ట్రాల అధికారుల ఉత్తరాల్లో సగం ఈ తేడా మీదే.

కృష్ణ రాకపోయినా గడవాలని మరి రెండు దారులు వెతికారు. 2004 నుంచి కడలూరు జిల్లా వీరాణం చెరువులోంచి 200 కిలోమీటర్లకు పైగా పైపు వేసి రోజుకు 18 కోట్ల లీటర్లు తెస్తున్నారు. అది కావేరి నీరు. రెండోది సముద్రం. మీంజూరు దగ్గర కాట్టుపళ్లిలో 2010లో, దక్షిణాన నెమ్మేలిలో 2013లో రోజుకు 10 కోట్ల లీటర్లేసి ఉప్పు తీసే ప్లాంట్లు వచ్చాయి. 2024లో నెమ్మేలిలోనే మరో 15 కోట్ల లీటర్ల ప్లాంటు చేరింది. పేరూరులో 40 కోట్ల లీటర్లది కడుతున్నారు. సముద్రానికి కరువు రాదు, నిజమే. కానీ వెయ్యి లీటర్ల మంచినీళ్లు తీయడానికి మూడు నాలుగు యూనిట్ల కరెంటు కావాలి. లాగిన నీటిలో సగానికి పైగా మరింత ఉప్పగా మారి మళ్లీ సముద్రంలోకే పోతుంది. చెరువు నీళ్లతో పోలిస్తే ఇది ఖరీదైన నీరు. ఉత్తర చెన్నై కొళాయిల్లో మీంజూరు నీరు, వేళచ్చేరి, తిరువాన్మియూరు వైపు నెమ్మేలి నీరు ఎక్కువ.

ఇన్ని ఉన్నా 2019 జూన్‌లో నాలుగు పెద్ద చెరువులూ ఎండిపోయి అడుగు నెర్రెలు కనిపించాయి. సరఫరా బాగా కోశారు. జూలై 12న జోలార్‌పేట నుంచి విల్లివాక్కానికి 50 వ్యాగన్ల రైలు 25 లక్షల లీటర్లతో వచ్చింది. ఊరి రోజువారీ అవసరంలో అది పావు శాతం. పత్రికలకు మంచి ఫొటో. ఆ వేసవిలో ఊరిని నిజంగా నిలబెట్టినవి ఉప్పు తీసే ప్లాంట్లు, వీరాణం పైపు, లారీలు, రాతి క్వారీ గుంటల్లో నిలిచిన నీళ్లు. దానికి నాలుగేళ్ల ముందు, 2015 డిసెంబరు మొదట్లో, ఇదే చెంబరంబాక్కం నుంచి 29,000 క్యూసెక్కులు వదిలితే అడయారు పొంగి సైదాపేట, కోట్టూరుపురం మొదటి అంతస్తుల దాకా మునిగాయి. రెండూ ఒకే జబ్బు లక్షణాలు. పడ్డప్పుడు పట్టుకునే చోటు లేదు.

గేటు దగ్గరి గుంట

కొత్తవాళ్లకు వింతగా కనిపించేది ఇది. పెరంబూరు, షావుకారుపేట, పాత వణ్ణారపేట లాంటి చోట్ల ఇంటి కొళాయి గోడకు ఉండదు, నేలలో ఉంటుంది. గేటు పక్కన రెండడుగుల వెడల్పు, మూడడుగుల లోతు గుంట. అడుగున ముప్పావు అంగుళం పైపు మూతి. దాని మీద చేతిపంపు. పెద్ద పైపుల్లో వత్తిడి చాలక నీరు నేలమట్టానికి పైకి ఎక్కదు. ఎక్కనప్పుడు మనమే దిగాలి. వీధుల్లో ఫుట్‌పాత్‌ల మీద కనిపించే లావుపాటి చేతిపంపులు ఇండియా మార్క్ 2 రకం. ఈ రకం పంపుల్ని 1970ల్లో మొదట పెద్దఎత్తున తయారు చేసిన కర్మాగారాల్లో ఒకటి ఈ ఊరిదే.

ఆ పంపు కొట్టడంలోనూ ఒక పద్ధతుంది. రాత్రంతా వాడక లోపలి తోలు వాషరు ఎండి ముడుచుకుంటుంది. పొద్దున ఎంత కొట్టినా గాలి బుసే తప్ప నీళ్లు రావు. అందుకే పక్కన ఒక చెంబు నీళ్లు ఎప్పుడూ ఉంచుతారు. పైనుంచి పోస్తే తోలు తడిసి ఉబ్బి, గొట్టాన్ని పట్టుకుంటుంది. ఐదారు దెబ్బలకు నీళ్లు అందుకుంటాయి. చెంబు పోసినా అందకపోతే వాషరు అరిగినట్టు. మార్చడం పావుగంట పని. అయినా జనం ఏడాది దాకా చెంబు పోస్తూనే కాలం గడుపుతారు.

సంపు, అంటే నేలలో కట్టిన నీళ్ల తొట్టి, ఉన్న ఇంట్లో ఈ గుంట బాధ లేదు. పైపు సంపులోకే వదులుతారు, నీరు తనంత తాను పల్లానికి నిండుతుంది. మోటరు దాన్ని మేడమీదికి తోస్తుంది. తగువంతా సంపు చాలక కొందరు వీధి పైపుకే మోటరు తగిలించడం దగ్గర మొదలవుతుంది. ఇది చట్టవిరుద్ధం, పట్టుబడితే కనెక్షను తీసేస్తారు. కానీ అసలు ప్రమాదం వేరే. మోటరు లాగినప్పుడు పైపులో వత్తిడి గాలి వత్తిడికంటే తగ్గుతుంది. పాత ఇనప పైపు అతుకుల్లో ఎక్కడ పగులుంటే అక్కణ్నుంచి బయటి నీరు లోపలికి పీల్చుకుంటుంది. చెన్నై సందుల్లో మంచినీళ్ల పైపు, మురుగు పైపు అడుగు రెండడుగుల దూరంలో పక్కపక్కనే పోతాయి. కాబట్టి ఒకడి మోటరు పదిళ్లకు విరేచనాలు పంచిపెడుతుంది. నీళ్లు వదిలిన మొదటి పది నిమిషాలు వాసన, నల్లని నలక వచ్చి తర్వాత తేటబడితే లోపం మీ సందు పైపులోనే ఉంది. మొదటి నీళ్లు సంపులోకి పోనివ్వకుండా గేటు వాల్వు కట్టేసి మురుక్కాలువలోకి వదిలి, తర్వాత తెరవాలి. రోజంతా వాసన ఉంటే మెట్రో వాటర్ 1916కు ఫిర్యాదు చేసి, మందు కలిపి క్లోరిన్ చూడమని అడగాలి. వాళ్లు నమూనాలో మందు చుక్కలు వేస్తే పసుపు రంగు రావాలి. రంగు రాలేదంటే నీటిలో క్లోరిన్ మిగల్లేదు, మధ్యలో ఏదో తినేసింది.

సంపు ఎంతదో ఇంటాయన మాట నమ్మక కొలవాలి. పది అడుగుల పొడవు, ఐదు వెడల్పు, ఐదు లోతు అంటే 250 ఘనపుటడుగులు, దాదాపు 7,000 లీటర్లు. అందులో పైన అర అడుగు నిండదు, కింద అర అడుగు ఫుట్‌వాల్వుకు (మోటరు పైపు కింది మూతికి) అందదు, అక్కడ మడ్డి చేరుతుంది. చేతికొచ్చేది 5,600. మనిషికి రోజుకు 135 లీటర్లు ప్రభుత్వం లెక్క. నలుగురికి 540. ఒక్క కుటుంబమైతే పది రోజుల పూచీ. అదే సంపు మీద నాలుగు వాటాలుంటే రెండున్నర రోజులు. రోజు విడిచి రోజు నీళ్లొచ్చే వీధిలో ఒక్కసారి తప్పితే లారీకి ఫోను చెయ్యాల్సిందే.

బోరు నీళ్లు పేటకో రుచి

చెన్నై అడుగున ఒకే నేల లేదు. బీసెంట్ నగర్, తిరువాన్మియూరు, మైలాపూరు సముద్రపు వైపు ఇసుక. పదిహేను ఇరవై అడుగుల్లో ఊట పడుతుంది. తీపి నీరే, కానీ అది ఉప్పునీటి మీద పలచగా తేలుతూ ఉంటుంది. ఒక అపార్టుమెంటు లోతుగా బోరు దింపి రోజంతా లాగితే కింది ఉప్పు పైకి వచ్చేస్తుంది. ఒకసారి వచ్చిందా, రెండు మూడు మంచి వానాకాలాలు పోతేగాని తిరిగి పోదు. ఉత్తరాన మీంజూరు దగ్గర దశాబ్దాల తరబడి ఊరి కోసం, పరిశ్రమల కోసం బావులు తోడితే సముద్రపు నీరు భూగర్భంలో కిలోమీటర్ల కొద్దీ లోపలికి వచ్చేసింది. 1987లో భూగర్భజలాల మీద చెన్నైకి ప్రత్యేక చట్టం వచ్చింది ఇలాంటి అనుభవాలతోనే. పరంగిమలై, పల్లావరం, గిండీ వైపు రాతినేల. అక్కడ పగులు తగిలితే నీళ్లు, లేకపోతే పొడి దుమ్ము. పక్కింటి బోరు పొంగితే మనదీ పొంగాలని లేదు. పడమర, ఉత్తర పేటల్లో బంకమన్ను పొర మందంగా ఉంది.

బోరు నీళ్లలో రెండు తెగుళ్లు. ఇనుము ఉంటే పట్టినప్పుడు తేటగానే ఉంటుంది, గంట నిలవుంచితే పసుపుపచ్చగా మారుతుంది. నీటిలో కరిగిన ఇనుము గాలి తగిలి తుప్పవుతుంది. తెల్లచొక్కాలు, బకెట్లు, బాత్రూము పలకలు అన్నీ ఆ రంగే. మేడమీద ట్యాంకులోకి పైపును నీటిలో ముంచకుండా పైనుంచి తుంపరగా పడేట్టు పెడితే గాలి బాగా తగిలి ఇనుము ట్యాంకు అడుగునే దిగుతుంది. నెలకోసారి అడుగు తూము తెరిచి మడ్డి వదిలెయ్యాలి. ఇది చేసి చూడకుండా వేలు పోసి ఫిల్టరు కొనడం తొందరపాటు.

రెండోది కాఠిన్యం. సబ్బు నురగ రాదు, గీజరు కడ్డీకి తెల్లగా సున్నం కట్టి కరెంటు బిల్లు పెరుగుతుంది, టీ మీద తెట్టు కడుతుంది. తెలుగిళ్లలో దీన్ని ముందు పట్టించేది కందిపప్పు. కాల్షియం పప్పు పైపొరలో పట్టుకుని మెత్తబడనివ్వదు, కుక్కరు ఆరు విజిల్స్ వేసినా బద్ద బద్దగానే ఉంటుంది. కొత్తగా వచ్చిన ఇల్లాలు పప్పు పాతదనుకుని కొట్టువాడితో పోట్లాడుతుంది. అదే పప్పు మెట్రో నీళ్లలో వేస్తే మూడు విజిల్స్‌కి వెన్నలా ఉడుకుతుంది. అందుకే బాగా కట్టిన ఫ్లాట్లలో మేడమీద ట్యాంకు రెండరలుగా ఉంటుంది. మెట్రో నీటి అర నుంచి వంటింటికి విడి పైపు, బోరు అర నుంచి స్నానాలకు, దొడ్డికి. ఫ్లాటు కొనేటప్పుడు ఇది మేడెక్కి చూడాలి. బ్రోషరులో రెండు లైన్లు రాసి ఉండి, పైన రెంటినీ కలిపే వాల్వు ఎప్పుడూ తెరిచి ఉండటం మామూలే.

మెట్రో నీళ్లకు ఆర్వో యంత్రం (లవణాలు తీసే ఫిల్టరు) పెట్టడం మాత్రం చాలా ఇళ్లలో దండగ. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే కాచి వడకట్టడమో, అతినీలలోహిత (యూవీ) కిరణాల ఫిల్టరో చాలు. ఆర్వో ఒక లీటరు ఇచ్చి రెండు మూడు లీటర్లు తూములోకి వదులుతుంది. ఉప్పుబోరు తప్ప గతి లేని చోట సరే. అక్కడ కూడా వదిలే నీళ్లు బకెట్లోకి పట్టి నేల తుడవడానికి వాడుకోవాలి.

లారీ, కేను

లారీ ఎక్కడ ఎక్కువో చూస్తే ఊరు ఎలా పెరిగిందో తెలుస్తుంది. 2011 దాకా చెన్నై కార్పొరేషను 174 చదరపు కిలోమీటర్లు. ఆ ఏడు అంబత్తూరు, మాధవరం, తిరువొత్తియూరు, ఆలందూరు, షోళింగనల్లూరు లాంటివి కలిపి 426 చేశారు. గీత ఒక్కరోజులో గీయొచ్చు, పైపులు గీయలేం. ఐటీ కంపెనీలున్న పాత మహాబలిపురం రోడ్డు పొడుగునా ఇరవై అంతస్తులు లేచిన చాలా కాలానికి గాని తాగునీటి పైపు, మురుగు పైపు రాలేదు. కొన్నిచోట్ల ఇంకా పని సాగుతోంది. అక్కడ ఫ్లాటు మెయింటెనెన్సులో పెద్ద పద్దు లారీదే. నీళ్లు తెచ్చే లారీ ఒకటి, మురుగు తీసుకుపోయే లారీ ఇంకొకటి.

మెట్రో వాటర్ లారీ బుక్ చేస్తే శుద్ధిచేసిన నీళ్లే వస్తాయి, ధర స్థిరం, కానీ వేసవిలో వరస పెద్దది. ప్రైవేటు లారీ ఫోను చేసిన పూటే వస్తుంది. ఆ నీళ్లు తిరువళ్లూరు, చెంగల్పట్టు జిల్లాల్లోని పొలం బావులవి. రైతుకు నాట్లకంటే లారీ బాడుగే లాభమైన ఊళ్లున్నాయి, పక్క రైతు బావి ఎండిపోయి గొడవలైన ఊళ్లూ ఉన్నాయి. లారీ సమ్మె జరిగితే ఐటీ ఆఫీసులు ఇంటినుంచి పని చెయ్యమంటాయి.

ఇందులో నష్టపోయేది కొలత దగ్గర. లారీలు 6,000, 9,000, 12,000 లీటర్లవి. పైన చెప్పిన సంపు పూర్తిగా ఎండితేనే 6,000 పడుతుంది. సగం నీళ్లుండగా 9,000 తెప్పిస్తే మిగిలింది లారీవాడు వెనక్కి తీసుకుపోయి ఇంకొకరికి అమ్ముకుంటాడు, డబ్బు మాత్రం మీది. పక్కింటివాళ్లతో కలిసి తెప్పించుకుని, గొట్టం అటు ఎన్ని నిమిషాలు ఇటు ఎన్ని నిమిషాలు అని ముందే అనుకోవడం మేలు. నింపేముందు ఒక గ్లాసులో పట్టి రంగు, వాసన, ఉప్పు చూడాలి. బాగోలేని నీళ్లు సంపులో కలిశాక ఎవరూ వెనక్కి తీసుకోరు.

కేను గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. 20 లీటర్లు. మూత సీలు విప్పి లేకుండా, తేదీ చెరగకుండా ఉండాలి. కేను గీతలు పడి మసకబారితే మార్చమనాలి. కిటికీ పక్క ఎండలో పెడితే నాలుగు రోజుల్లో లోపల పాచి పడుతుంది. తప్పు కంపెనీది కాదు, ఎండది.

డాబా మీద పడే లక్ష లీటర్లు

అన్నిటికంటే చవకైన నీళ్లను ఇక్కడివాళ్లు అన్నిటికంటే నిర్లక్ష్యం చేస్తారు. వెయ్యి చదరపుటడుగుల డాబా అంటే 93 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన ఒక లీటరు. ఏడాది 1,400 మిల్లీమీటర్లలో ఐదో వంతు కారిపోయి ఎండిపోయిందనుకున్నా లక్ష లీటర్లు దాటుతుంది. నలుగురి కుటుంబానికి ఆరు నెలల నీళ్లు. ఒక్క రాత్రి పది సెంటీమీటర్లు కురిస్తే 7,000 లీటర్ల సంపు నిండి పొర్లుతుంది.

2003లో తమిళనాడు ప్రతి భవనానికీ వాననీటి ఏర్పాటు తప్పనిసరి చేసింది. గడువు పెట్టి, లేకపోతే నీళ్ల కనెక్షను తీసేస్తామంది. ఊరంతా ఆదరాబాదరాగా పైపులు బిగించింది. తర్వాతి వానలకు బావుల మట్టం పైకి లేచింది కూడా. ఇప్పుడు ఆ పైపులు చాలా ఇళ్లలో గోడమీద అలంకారం. రంగులు వేసేటప్పుడు పైపు తీసి మళ్లీ పెట్టలేదు, కారు పెట్టుకోడానికి గుంట మీద పలకలు పరిచేశారు, పూడిక తియ్యలేదు. అన్నిటికంటే చెడ్డది, డాబా పైపును మురుగులోకి కలిపేశారు. వాన గట్టిగా పడితే ఆ మురుగే మ్యాన్‌హోలు తన్నుకుని వీధిలోకి, అక్కణ్నుంచి కింది వాటాల బాత్రూముల్లోకి వస్తుంది.

పని చేసే ఏర్పాటు కష్టమేమీ కాదు. డాబా నీళ్లన్నీ ఒక పైపులోకి తేవాలి. పైపు కిందికి దిగేచోట T ఆకారపు పైపు ముక్క, దానికి ఒక మూత: సీజనులో మొదటి వాన, తర్వాత ప్రతి వానలో మొదటి పది పదిహేను నిమిషాలు మూత తీసి బయటికి వదలాలి, కాకిరెట్టలు, ఆకులు, దుమ్ము పోతాయి. తర్వాత రెండున్నర అడుగుల చదరం, మూడడుగుల లోతు ఫిల్టరు తొట్టి. అడుగున తొమ్మిది అంగుళాలు 40 మిల్లీమీటర్ల కంకర, దాని మీద తొమ్మిది అంగుళాలు 20 మిల్లీమీటర్ల కంకర, ఒక నైలాను వల, ఆ పైన తొమ్మిది అంగుళాలు ముతక ఇసుక. వల లేకపోతే ఇసుక కంకరలోకి జారి రెండేళ్లలో అంతా ఒక ముద్దవుతుంది. సెప్టెంబరులో పై ఇసుక రెండు అంగుళాలు తీసి కడిగి మళ్లీ వెయ్యాలి. ఇంతే.

తొట్టి నుంచి మొదట సంపులోకి, సంపు నిండాక పొర్లింది నేలలోకి. నేలలోకి ఎలా అన్నది పేటను బట్టి. ఇసుక నేలలో మూడడుగుల వెడల్పు, ఐదారు అడుగుల లోతు ఇంకుడుగుంత చాలు. బంకమన్నులో అదే గుంత తవ్వితే దోమల చెరువవుతుంది. అక్కడ బంక పొర దాటి కింది ఇసుక తగిలేదాకా, నీళ్లను నేలలోకి పంపే రీచార్జి బోరు దింపాలి. రాతినేలలో పాత బావి ఉంటే అదృష్టం, నేరుగా దానిలోకి వదలొచ్చు. చెన్నైలో పాత ఇల్లు పడగొట్టి ఫ్లాట్లు కట్టేవాడు ముందు చేసే పని బావి పూడ్చడం. లిఫ్టు గుంటకు ఇంకోచోటు చూసుకోమని అప్పుడే గట్టిగా చెప్పాలి, పూడ్చాక చెప్పి లాభం లేదు.

మునిగిన సంపు

నవంబరు, డిసెంబరుల్లో సంపు మూత నేలమట్టానికి ఉంటే వీధి నీరు, దానితో మురుగు లోపలికి దిగుతుంది. మూత చుట్టూ అడుగు ఎత్తు కట్టడం కట్టి, రబ్బరు అంచున్న మూత పెట్టాలి. 2015లోనూ, 2023లో మిచౌంగ్ తుపానులోనూ కింది వాటాలవాళ్లు రోజుల తరబడి కేను నీళ్లతో స్నానాలు చేసింది సంపులు పాడయ్యే.

మునిగాక శుభ్రం చేసే వరస: కరెంటు మెయిను ఆపి, మోటరు ఆరబెట్టి ఎలక్ట్రీషియను చూశాకే వెయ్యాలి. సంపు నీళ్లన్నీ బయటికి తోడాలి. మూత తెరిచి కనీసం ఒక పూట గాలి ఆడనివ్వాలి. మురుగు కలిసిన మూసిన గుంటలో చెడు గాలి మనిషిని నిమిషంలో పడగొడుతుంది, దిగినవాణ్ని కాపాడబోయి దిగిన రెండోవాడు కూడా పోయిన వార్తలు ఏటా చూస్తున్నాం. పైన ఒక మనిషి, నడుముకు తాడు లేకుండా ఎవర్నీ దింపొద్దు. డీజిలు పంపు లోపల పెట్టొద్దు. గోడలు బ్లీచింగు నీళ్లతో రుద్ది, కడిగి, తోడేసి, కొత్త నీళ్లు నింపాక వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల చొప్పున మంచి బ్లీచింగ్ పౌడరు వెయ్యాలి. 7,000 లీటర్లకు పదిహేడు పద్దెనిమిది గ్రాములు. బకెట్లో కలిపి, సున్నపు తేట దిగాక పైనీళ్లే పొయ్యాలి, గంట ఆగి వాడాలి. పాత పొట్లంలో వాసన పోయి ఉంటే మందు కూడా పోయినట్టే. నేలలో పాతిన ప్లాస్టిక్ ట్యాంకు ఉన్నవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. చుట్టూ నేల నీటితో నానిపోయి ఉన్నప్పుడు దాన్ని పూర్తిగా ఖాళీ చేస్తే కింది నీరు పైకి తోసి, ట్యాంకు పైపులు విరుచుకుని తేలుతుంది. సగం సగం మార్చాలి.

ఇక అద్దెకు ఇల్లు చూసేటప్పుడు ఏం అడగాలంటే: మెట్రో నీళ్లు ఏ రోజుల్లో, ఎన్నింటికి, ఎన్ని గంటలు? సంపు ఎన్ని వాటాలకు? మోటరు స్విచ్చి ఎవరి చేతిలో? ఇంటాయన పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారే వేస్తానంటే రాత్రి డ్యూటీ చేసి మధ్యాహ్నం స్నానం చేసేవాళ్లకు కుదరదు. లారీ తెప్పిస్తే ఖర్చు వాటాలకు సమానమా, తలలకు సమానమా? ఇద్దరున్న ఇంటికీ ఆరుగురున్న ఇంటికీ ఒకటే పంచితే మే నెలలో మాటలు ఆగిపోతాయి. ఈ ముక్క అగ్రిమెంటులో రాయించుకోవాలి. చివరగా ఆ ఇంటి వంటగది కొళాయి నీళ్లు ఒక సీసాలో పట్టి, రాత్రి నిలవుంచి, పొద్దున వెలుతురులో చూడాలి. వీలైతే గుప్పెడు కందిపప్పు ఆ నీళ్లలో ఉడికించి చూసి, అడ్వాన్సు ఆ తర్వాత ఇవ్వండి.